ఎర్రర్ చూపకుండా తప్పు లెక్క చెప్పే ఫార్ములా: లోపాన్ని పట్టుకునే పద్ధతి

ఫార్ములా దెబ్బతిన్నప్పుడు సెల్‌లో # గుర్తుతో ఎర్రర్ కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ఎక్కడ ఆగిపోయిందో ఎక్సెల్ తనే చెప్పేసింది. భయపడాల్సింది ఏ హెచ్చరికా లేకుండా, కామాలతో, రెండు దశాంశాలతో పద్ధతిగా కనిపించే తప్పు అంకెకు. దాన్ని ఎవరూ అనుమానించరు. ప్రింటు తీసి లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకు అంటిస్తారు, ఆడిటరుకు పంపుతారు, దాని ఆధారంగా ఒకరి దగ్గర డబ్బు అడుగుతారు.

ఈ మార్గదర్శి అలాంటి నిశ్శబ్దమైన తప్పుల కోసం. ఉదాహరణగా కూకట్‌పల్లిలో 40 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ షీటును ఊహించుకుందాం. ఏ (A) కాలమ్‌లో ఫ్లాట్ నంబరు, బి లో యజమాని పేరు, సి లో చదరపు అడుగులు, డి లో కట్టాల్సిన మొత్తం, ఈ (E) లో కట్టిన మొత్తం, ఎఫ్ లో కట్టిన తేదీ. రెండో వరుస నుంచి 41వ వరుస దాకా ఫ్లాట్లు. చదరపు అడుగుకు ఎంత అనే రేటు జె1 సెల్‌లో ఉంది. ఫార్ములాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. షీటులో మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

ఒక మాట ముందే చెప్పాలి. జవాబు తప్పు వచ్చిందని తెలియగానే చాలామంది ఫార్ములాను మార్చడం మొదలుపెడతారు. ఇంకొందరు తేడా ఎంతో చూసి, ఫార్ములా చివర ఆ మొత్తాన్ని కలిపేస్తారు. రెండోది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఈ నెల తేడా పూడుతుంది, వచ్చే నెల అదే అంకె కొత్త తప్పుగా మారుతుంది, అప్పటికి అది ఎందుకు కలిపారో ఎవరికీ గుర్తుండదు. నిశ్శబ్దపు తప్పుల్లో ఎక్కువ భాగం ఫార్ములాలో ఉండవు, అది చదివే డేటాలో ఉంటాయి. అందుకే ఈ క్రమం: ముందు షీటు అసలు లెక్కిస్తోందా, తర్వాత డేటా, ఆ తర్వాతే ఫార్ములా.

అడుగు 1: సరైన జవాబు ఎంతో, తప్పు ఏ వరుసలో ఉందో

ఫైలుకు కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి. తర్వాత మూడు నాలుగు వరుసలను కాలిక్యులేటరు మీద చేత్తో లెక్కించండి. 1,150 చదరపు అడుగులు, అడుగుకు 3 రూపాయలు అంటే 3,450. షీటు కూడా 3,450 అంటోందా? సరైన జవాబు ఏమిటో తెలియకుండా తప్పును వెతకలేం.

ఒక్కో వరుస సరిగ్గానే ఉండి మొత్తం మాత్రమే తేడా వస్తే సగం సగం చేసి వెతకండి. కాలమ్‌లో మొదటి 20 సెల్స్‌ను ఎంపిక చేసి, కిటికీ అడుగున ఉండే స్టేటస్ బార్ చూడండి. అక్కడ సమ్, యావరేజ్, కౌంట్ కనిపిస్తాయి. ఆ మొత్తాన్ని రశీదు పుస్తకంతో పోల్చండి. సరిపోతే తప్పు రెండో సగంలో ఉంది. దాన్ని పదికి, ఐదుకు తగ్గించుకుంటూ వెళ్తే, తప్పు ఒకే చోట ఉన్నప్పుడు ఐదారు సార్లలో ఆ వరుస దొరుకుతుంది. నలభై వరుసలనూ పైనుంచి కిందికి చదవడం కన్నా ఇది నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే కన్ను అలసిపోయాక తప్పును కూడా ఒప్పుగానే చదువుతుంది.

స్టేటస్ బార్‌లో కౌంట్ మాత్రమే కనిపించి సమ్ కనిపించకపోతే, మీరు ఎంపిక చేసిన సెల్స్‌లో ఒక్క అంకె కూడా లేదని అర్థం. అంకెల్లా కనిపిస్తున్నవన్నీ అక్షరాలే. నేరుగా మూడో అడుగుకు వెళ్లండి.

అడుగు 2: షీటు అసలు లెక్కిస్తోందా

ఈ (E) కాలమ్‌లో, అంటే కట్టిన మొత్తాల్లో, ఒక అంకె మార్చి చూడండి. మొత్తం మారకపోతే లెక్కింపు మాన్యువల్‌లో ఉంది. ఫార్ములాస్ ట్యాబ్‌లో క్యాలిక్యులేషన్ ఆప్షన్స్‌కు వెళ్లి ఆటోమేటిక్ ఎంచుకోండి. మీరు ఎన్నడూ మార్చని ఈ సెట్టింగు ఎలా మారిందంటే, ఎక్సెల్ తెరిచాక మొట్టమొదట ఏ ఫైలు తెరుస్తామో దాని సెట్టింగే ఆ తర్వాత తెరిచే ఫైళ్లకూ వర్తిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చిన పెద్ద ఫైలును మాన్యువల్‌లో సేవ్ చేసి ఉంటే, దాని తర్వాత తెరిచిన మీ మెయింటెనెన్స్ షీటు కూడా నిద్రపోతుంది. అప్పటికప్పుడు లెక్కించాలంటే ఎఫ్9 నొక్కాలి; చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీటతో కలిపి.

సెల్‌లో జవాబు బదులు ఫార్ములానే కనిపిస్తుంటే రెండు కారణాలు. కంట్రోల్ మీటతో పాటు ఎస్కేప్ కింద ఉండే మీట పొరపాటున నొక్కితే షీటంతా ఫార్ములాలే కనిపిస్తాయి. మళ్లీ అవే నొక్కితే మామూలైపోతుంది. ఒక్క సెల్‌లోనే అలా ఉంటే ఆ సెల్ టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉంది. దాన్ని జనరల్‌కు మార్చడం ఒక్కటే చాలదు, ఎఫ్2 నొక్కి ఎంటర్ కొట్టాలి. మొత్తం 0 వస్తూ, స్టేటస్ బార్‌లో సర్క్యులర్ రిఫరెన్సెస్ అనే మాట కనిపిస్తే ఫార్ములా తన సెల్‌నే తాను కూడుకుంటోంది.

అడుగు 3: అంకెలా కనిపించేది అంకేనా

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

మన లెక్కల రాతలో ఉన్న అలవాట్లు ఎక్సెల్‌కు అర్థం కావు. 500/- అని టైపు చేస్తే మనకు అది ఐదు వందలు, ఎక్సెల్‌కు అది ఒక పదం. ముందు రూ. అని చేర్చి రాసినా అంతే. బ్యాంకు నుంచి దించుకున్న స్టేట్‌మెంటులో అంకె చివర సీఆర్, డీఆర్ అని ఉంటే అవీ పదాలే. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన అంకెల వెనుక కంటికి కనిపించని ఖాళీ ఒకటి అంటుకొని ఉండవచ్చు.

పదంగా మారిన అంకె చేసే నష్టం మూడు రకాలు. మొదటిది, సమ్ ఫార్ములా దాన్ని వదిలేస్తుంది. ఫిర్యాదు చేయకుండా, పక్కన పెట్టి మిగతావి కూడుతుంది. కాబట్టి మొత్తం తక్కువ వస్తుంది. రెండోది, అదే సెల్‌లో 500 మాత్రమే పదంగా ఉంటే =ఈ2+ఈ3 అని ప్లస్ గుర్తుతో కూడినప్పుడు ఎక్సెల్ దాన్ని అంకెగా మార్చుకొని సరిగ్గా కూడుతుంది. సమ్ ఒక జవాబు, ప్లస్ ఇంకో జవాబు ఇస్తే పదంగా మారిన అంకె ఎక్కడో ఉందని ఖాయంగా చెప్పవచ్చు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. ఎక్సెల్‌లో అంకెను, పదాన్ని పోల్చినప్పుడు పదమే ఎప్పుడూ పెద్దది. ఒక ఫ్లాటు వారు 3,450కి గాను 500 మాత్రమే కట్టారనుకోండి. దాన్ని 500/- అని నమోదు చేశారు. పక్క కాలమ్‌లో =ఇఫ్(ఈ2>=డి2,"చెల్లించారు","బకాయి") అని ఉంది. జవాబు "చెల్లించారు" అని వస్తుంది. మొత్తంలో ఆ 500 చేరదు, బకాయిల జాబితాలో ఆ ఫ్లాటు ఉండదు. రెండు వైపులా తప్పు, ఎక్కడా ఎర్రర్ లేదు.

పట్టుకోవడానికి పక్కన ఖాళీ కాలమ్‌లో =ఈజ్‌నంబర్(ఈ2) రాసి కిందిదాకా లాగండి. ఫాల్స్, అంటే అంకె కాదు, అని వచ్చిన వరుసలే మీ అనుమానితులు. సెల్ మూలన ఆకుపచ్చ త్రికోణం, ఎడమవైపుకు జరిగిన అంకె కూడా సూచనలే కానీ వాటినే నమ్ముకోకండి. అలైన్‌మెంట్‌ను ఎవరైనా మార్చి ఉండవచ్చు.

సరిచేయడం కారణాన్ని బట్టి ఉంటుంది. 500/- లాంటివైతే కాలమ్‌ను ఎంపిక చేసి, కంట్రోల్ హెచ్ నొక్కి, /- వెతికి దాని స్థానంలో ఏమీ పెట్టకుండా రీప్లేస్ ఆల్ చేయండి. రూ. అయితే దాని వెనుకున్న ఖాళీతో సహా వెతకండి. కాలమ్ మొత్తం పదాలుగా ఉంటే డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, మరేమీ మార్చకుండా ఫినిష్ నొక్కండి, అంకెలన్నీ అంకెలవుతాయి. ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చినంత మాత్రాన పదం అంకె కాదు. ఫార్మాట్ అంటే అంకెను ఎలా చూపాలో చెప్పేది మాత్రమే.

కనిపించని ఖాళీకి వేరే మందు కావాలి. =లెన్(ఈ2) రాస్తే 3450కి 4 రావాలి. 5 వస్తే ఏదో అంటుకొని ఉంది. మామూలు ఖాళీనైతే ట్రిమ్ తీసేస్తుంది. వెబ్ పేజీల నుంచి వచ్చేది తరచుగా 160వ నంబరు ఖాళీ, దాన్ని ట్రిమ్ ముట్టుకోదు. =సబ్‌స్టిట్యూట్(ఈ2,క్యార్(160),"")*1 అని రాయండి. చివరి *1 పదాన్ని అంకెగా మారుస్తుంది. సీఆర్, డీఆర్ ఉన్న స్టేట్‌మెంటులో ఆ అక్షరాలను నేరుగా తీసేయకండి, జమ ఏదో ఖర్చు ఏదో తెలియకుండా పోతుంది. ముందు రైట్ ఫార్ములాతో చివరి రెండు అక్షరాలను పక్క కాలమ్‌లోకి తీసి, డీఆర్ ఉన్నచోట మైనస్ గుర్తు వచ్చేలా ఇఫ్ రాసి, అప్పుడు శుభ్రం చేయండి.

అడుగు 4: తేదీలు, ఇంటి నంబర్లు

హైదరాబాదు ఇంటి నంబర్లు గీతలతో మూడు భాగాలుగా ఉంటాయి. 12-5-65 అని టైపు చేసి ఎంటర్ కొడితే, మన దేశపు సెట్టింగు ఉన్న ఎక్సెల్ దాన్ని 1965 మే 12గా తీసుకుంటుంది. భయపడి ఫార్మాట్‌ను జనరల్‌కు మారిస్తే 23874 అని కనిపిస్తుంది. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 నుంచి రోజుల లెక్కగా దాచుకుంటుంది, ఆ లెక్కలో అది 23,874వ సంఖ్య. అదే కాలమ్‌లో 16-11-740 లాంటి నంబరు తేదీగా కుదరదు కాబట్టి పదంగానే ఉండిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు, కొన్ని పదాలు. ఆ చిరునామాలతో వెతికే ఏ ఫార్ములా అయినా సగం సగమే పని చేస్తుంది. ఈ (E) బ్లాకులో 2ఈ3 అని ఇంగ్లిషు అక్షరంతో రాసిన ఫ్లాటు నంబరు 2000 అయిపోతుంది, 040 అనే ఎస్టీడీ కోడు 40 అయిపోతుంది. ఈ బాధ మనకే కాదు: ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందన్న కారణంతో, మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ 2020లో సెప్ట్1, మార్చ్1 వంటి పేర్లను సెప్టిన్1, మార్చ్ఎఫ్1గా మార్చింది.

దీనికి మందు ముందు జాగ్రత్తే. టైపు చేయడానికి ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చండి. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు) రెండుసార్లు క్లిక్ చేసి తెరవకండి. డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తెచ్చుకొని, ఆ కాలమ్ రకాన్ని టెక్స్ట్‌గా పెట్టండి. ఒకసారి తేదీగా మారి సేవ్ అయిన నంబరు కోసం మూల ఫైలుకే వెళ్లాలి. తేదీ నుంచి వెనక్కి ఊహించి రాయడం మంచిది కాదు, 05 అని ఉండేదా 5 అని ఉండేదా చెప్పలేం.

నిజమైన తేదీల్లో తప్పు ఇంకా లోతుగా ఉంటుంది. హైటెక్ సిటీలో అమెరికా పనులు చేసే కంపెనీల కంప్యూటర్లలో ప్రాంతం అమెరికాగా పెట్టి ఉండటం మామూలే. అలాంటి యంత్రంలో మీ ఏప్రిల్ నెల రిజిస్టరు సీఎస్‌వీ ఫైలును తెరిచారనుకోండి. 03/04/2025 అంటే మీకు ఏప్రిల్ 3, ఆ యంత్రానికి మార్చి 4. 01/04 జనవరి 4 అవుతుంది, 12/04 డిసెంబరు 4 అవుతుంది. 13/04 నుంచి 30/04 దాకా ఉన్నవాటికి 13వ నెల అనేది లేదు కాబట్టి అవి పదాలుగా మిగులుతాయి. ఇప్పుడు ఏప్రిల్ వసూళ్లను, షరతులకు సరిపోయినవాటినే కూడే సమ్‌ఇఫ్స్‌తో కూడితే ఏప్రిల్ 4న వచ్చిన డబ్బు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. 30 రోజుల్లో సరిగ్గా నిలిచింది ఆ ఒక్క రోజే.

పరీక్ష సులువు. తేదీల కాలమ్‌ను తాత్కాలికంగా జనరల్‌కు మార్చండి. 45 వేల పరిసరాల్లోని అంకెగా మారితే అది తేదీ, మారకుండా 25/04/2025 అనే ఉంటే అది పదం. రెండూ కలిసి ఉంటే ప్రాంతం సెట్టింగే కారణమని అనుమానించండి. మూల ఫైలు ఉంటే విండోస్‌లో ప్రాంతాన్ని ఇండియాకు మార్చి మళ్లీ తెచ్చుకోవడం ఉత్తమం. గూగుల్ షీట్స్‌లో ఇదే పని ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌లోని లొకేల్ చేస్తుంది. మూల ఫైలు లేకపోతే, తారుమారైన తేదీలకు =డేట్(ఇయర్(ఎఫ్2),డే(ఎఫ్2),మంత్(ఎఫ్2)) అని రోజును, నెలను అటూ ఇటూ మార్చవచ్చు; పదాలుగా మిగిలినవాటికి =డేట్(రైట్(ఎఫ్2,4),మిడ్(ఎఫ్2,4,2),లెఫ్ట్(ఎఫ్2,2)) సరిపోతుంది. కాలమ్ మొత్తం ఒకే దారిలో పాడైందని మీకు తెలిసినప్పుడే ఇది చేయండి. మధ్యలో ఎవరైనా కొన్నిటిని చేత్తో సరిదిద్ది ఉంటే ఈ ఫార్ములా వాటిని మళ్లీ పాడుచేస్తుంది.

అడుగు 5: ఫార్ములా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చదువుతోంది

సెల్ మీద ఎఫ్2 నొక్కితే ఫార్ములా చదివే సెల్స్ చుట్టూ రంగు గీతలు వస్తాయి. చివరి వరుస ఆ గీత లోపల ఉందా, చూడండి.

2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు ప్రచురించిన ప్రభుత్వ అప్పుల అధ్యయనం చాలా దేశాల విధాన చర్చల్లో వినిపించింది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ ఆ ఎక్సెల్ ఫైలు తెరిచి చూస్తే, సగటు ఫార్ములా 30వ వరుస నుంచి 49వ వరుస దాకా వెళ్లాల్సింది 44 దగ్గరే ఆగింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకి రాలేదు. ఆ అధ్యయనంపై వచ్చిన విమర్శల్లో ఇది ఒకటి మాత్రమే, తేడా మొత్తానికి ఇదే కారణం కాదు. కానీ ఎఫ్2 నొక్కితే కనిపించే తప్పు ఇదే.

మన షీటులోనూ 41వ ఫ్లాటు వారిని మొత్తానికి పైన కొత్త వరుసగా చేరిస్తే, =సమ్(డి2:డి41) ప్రతిసారీ తనంతట తాను పెరగదు. కంట్రోల్ టి నొక్కి డేటాను టేబుల్‌గా మార్చుకుంటే కొత్త వరుసలు వాటంతట అవే చేరతాయి. ఈ ఒక్క అలవాటును గట్టిగా సిఫారసు చేస్తాను.

దీనికి ఎదురు తప్పు, రెండుసార్లు కూడటం. బ్లాకుల వారీగా మధ్యలో ఉపమొత్తాలు వేసి, చివర్లో అన్నిటినీ కలిపి సమ్ చేస్తే మొత్తం సరిగ్గా రెట్టింపు వస్తుంది. ఉపమొత్తాలకు, చివరి మొత్తానికి కూడా సబ్‌టోటల్ వాడండి. అది తన లోపలి ఇతర సబ్‌టోటల్‌లను వదిలేస్తుంది.

ఇక డాలరు గుర్తు. డి2లో =సి2*జె1 రాసి కిందికి లాగితే డి3లో =సి3*జె2 అవుతుంది. జె2 ఖాళీ, కాబట్టి 0. ఇది వెంటనే తెలిసిపోతుంది. జె2లో నీటి ట్యాంకరు ధరో, జనరేటరు డీజిల్ ఖర్చో ఉంటే మాత్రం ఏదో ఒక అంకె వస్తుంది, అదీ నమ్మదగినట్టే ఉంటుంది. ఫార్ములాలో జె1 మీద కర్సరు పెట్టి ఎఫ్4 నొక్కితే $జె$1 అవుతుంది, అప్పుడు లాగినా కదలదు.

ఒకే షరతుతో కూడే సమ్‌ఇఫ్‌లో ఒక మోసం ఉంది. షరతు పరిధి ఏ2 నుంచి ఏ41 అని, కూడాల్సిన పరిధి ఈ1 నుంచి ఈ40 అని ఇస్తే ఎర్రర్ రాదు. ఒక వరుస జరిగిన లెక్క వస్తుంది, అంటే 101వ ఫ్లాటు షరతుకు పై వరుసలోని డబ్బు జమ అవుతుంది. సమ్‌ఇఫ్స్ పరిమాణాలు వేరైతేనైనా ఎర్రర్ చూపుతుంది, సమ్‌ఇఫ్ అదీ చేయదు. రెండు పరిధులూ ఒకే వరుసలో మొదలై ఒకే వరుసలో ముగుస్తున్నాయా అని చూడటం తప్ప దారి లేదు.

ఎవరో అర్జంటు అని ఫార్ములా మీద అంకె టైపు చేసి వదిలేసిన సెల్ కూడా ఉండవచ్చు. డి2 నుంచి డి41 దాకా ఎంపిక చేసి, కంట్రోల్ జి నొక్కి, స్పెషల్‌లో కాన్‌స్టెంట్స్ ఎంచుకోండి. ఫార్ములా లేని సెల్స్ మాత్రమే వెలుగుతాయి.

అడుగు 6: లుకప్ ఇంకొకరి వివరాలు తెస్తే

లుకప్ అంటే ఒక విలువను జాబితాలో వెతికి, దాని వరుసలోని వివరాన్ని తెచ్చే ఫార్ములా. అందులో ఒకటైన వీలుకప్‌లో నాలుగో విలువ రాయకపోతే ఎక్సెల్ దాన్ని ట్రూ అనుకుంటుంది. అంటే సరిగ్గా అదే దొరక్కపోతే, దానికి కిందుగా ఉన్న దగ్గరి విలువ ఇస్తుంది. 305వ ఫ్లాటు జాబితాలో లేదనుకోండి, మీకు 304 వారి బకాయి వస్తుంది. జాబితా క్రమంలో లేకపోతే ఏది వస్తుందో చెప్పలేం. నాలుగో విలువగా ఫాల్స్ రాయడం తప్పనిసరి అనుకోండి. ఎక్సెల్ 2021లో, మైక్రోసాఫ్ట్ 365లో ఉన్న ఎక్స్‌లుకప్ మామూలుగానే ఖచ్చితమైన జోడీని వెతుకుతుంది, మధ్యలో కాలమ్ చేర్చినా దారి తప్పదు. వీలుకప్‌లో మూడో స్థానాన రాసిన కాలమ్ సంఖ్య అలాగే ఉండిపోతుంది కాబట్టి కొత్త కాలమ్ చేరితే చదరపు అడుగుల బదులు ఫోను నంబరు తెస్తుంది.

తెలుగు పేర్లతో లుకప్ చేసేవారికి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది. రెండు సెల్స్‌లోనూ శ్రీనివాస్ అనే ఉంటుంది, ఒకటేనా అని అడిగితే ఫాల్స్ అంటుంది. =లెన్ రాసి చూడండి. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే ప్రామాణిక పద్ధతైన యూనికోడ్‌లో ఈ పేరు 10 సంకేతాలు: ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ఒకచోట 11 వస్తే, కీబోర్డు చివరి పొల్లు తర్వాత కనిపించని విడదీసే సంకేతాన్ని చేర్చింది. దాని సంఖ్య 8204. =సబ్‌స్టిట్యూట్(బి2,యూనిక్యార్(8204),"") అని రెండు జాబితాలనూ శుభ్రం చేసి పోల్చండి. మాట మధ్యలో ఆ సంకేతం అవసరమయ్యే చోట్లూ ఉంటాయి కాబట్టి, శుభ్రం చేసిన కాలమ్‌ను పోల్చడానికే వాడి, ప్రింటుకు అసలు పేర్లనే ఉంచండి. డీటీపీ సెంటరులో పాత అను ఫాంట్లతో టైపు చేయించిన జాబితా అయితే ఈ మందు పని చేయదు. అక్కడ కనిపించేది తెలుగే అయినా లోపలున్నవి ఇంగ్లిషు సంకేతాలు. ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి. అసలు పేర్లతో కాకుండా ఫ్లాటు నంబరుతో లుకప్ చేయడమే మేలు.

పెద్ద సంఖ్యల సంగతి. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాలనే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును మామూలుగా టైపు చేస్తే చివరిది సున్నా అయిపోతుంది, తిరిగి రాదు. 12 అంకెల ఆధార్ నంబరు ఈ ప్రకారం చెడిపోదు, 1.23ఈ+11 లాంటి రూపంలో కనిపించినా లోపల క్షేమంగానే ఉంటుంది. ఖాతా నంబర్లను టెక్స్ట్‌గా దాచినా ఒక ప్రమాదం మిగులుతుంది: ఒక విలువ ఎన్నిసార్లు ఉందో లెక్కించే కౌంట్‌ఇఫ్ వాటిని మళ్లీ అంకెలుగా చదివి, మొదటి 15 స్థానాలు కలిస్తే ఒకటే ఖాతా అంటుంది. చివరి అంకెలో మాత్రమే తేడా ఉన్న ఇద్దరు పనివారి ఖాతాలను డూప్లికేట్ అని చూపి, ఒకరి జీతం ఆగిపోయేలా చేయగలదు. ఖాతా నంబర్లు ఏ (A) కాలమ్‌లో ఉంటే =కౌంట్‌ఇఫ్(ఏ:ఏ,ఏ2&"*") అని నక్షత్రం చేరిస్తే పదంగానే పోలుస్తుంది.

అడుగు 7: పైసా తేడా

18 శాతం జీఎస్టీ పడే సరుకు ధర 105.30 అనుకోండి. సీజీఎస్టీ 9 శాతం, ఎస్జీఎస్టీ 9 శాతం. ఒక్కోటి 9.477, బిల్లులో 9.48 అని కనిపిస్తుంది. రెండూ కలిపితే కంటికి 18.96. ఫార్ములా మాత్రం లోపలి 9.477లను కూడి 18.954 అని, 18.95 చూపుతుంది. బేగంబజారులో కాలిక్యులేటరు చేతిలో ఉన్న కొనుగోలుదారుడికి ఆ పైసా వెంటనే కనిపిస్తుంది. ఇది ఎక్సెల్ తప్పు కాదు. కనిపించే అంకె, లోపలున్న అంకె వేరు. బిల్లులో ధర బి కాలమ్‌లో ఉందనుకుంటే, ప్రతి వరుసలోనూ =రౌండ్(బి2*9%,2) అని నిజంగానే కుదించండి, తర్వాత కూడండి. ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్ అనే సెట్టింగు ఇదే పని షీటంతటికీ చేస్తుంది కానీ లోపలి అంకెలను శాశ్వతంగా కోసేస్తుంది. దాని జోలికి వెళ్లవద్దు.

ఇంకో రకం తేడా దశాంశాలను కంప్యూటరు 0, 1 అనే రెండు అంకెల పద్ధతిలో దాచుకోవడం వల్ల వస్తుంది. =(43.1-43.2)+1 రాసి 15 దశాంశాలు చూపమంటే 0.9 బదులు 0.899999999999999 వస్తుంది. అందుకే తేడా సున్నానా అని =0 తో పోల్చకండి; =ఏబీఎస్(డి42-ఈ42)<0.005 అని రాయండి.

అడుగు 8: గంటలు, ఖాళీలు, దాచిన వరుసలు

వాచ్‌మన్ హాజరు షీటులో బి లో వచ్చిన సమయం, సి లో వెళ్లిన సమయం ఉందనుకోండి. రాత్రి 22:00 నుంచి ఉదయం 6:30 దాకా షిఫ్టు అయితే మామూలు తీసివేత మైనస్ అవుతుంది. =మాడ్(సి2-బి2,1) రాస్తే 8:30 వస్తుంది. అలాంటి ఐదు షిఫ్టులు కూడితే 42:30 రావాల్సింది 18:30 కనిపిస్తుంది, ఎందుకంటే గడియారం 24 దగ్గర మళ్లీ మొదలవుతుంది. కస్టమ్ ఫార్మాట్‌లో గంటల అక్షరాన్ని (h) చదరపు బ్రాకెట్లలో పెట్టండి. జీతం లెక్కకు 24తో గుణించాలి. లేకపోతే ఒక షిఫ్టుకు గంటకు 200 చొప్పున 1,700 రావాల్సినచోట 70.83 వస్తుంది.

ఫిల్టర్ చేసినా సమ్ దాచిన వరుసలను కూడా కూడుతుంది. కనిపించేవే కావాలంటే సబ్‌టోటల్‌లో మొదటి విలువగా 9, చేత్తో దాచినవి కూడా వద్దంటే 109 వాడండి. యావరేజ్ ఖాళీ సెల్‌ను వదిలేస్తుంది, 0 ఉన్నదాన్ని లెక్కిస్తుంది. తాళం వేసి ఉన్న ఫ్లాటుకు ఏది రాయాలో ముందే నిర్ణయించుకోండి.

అడుగు 9: ఫార్ములాను విప్పి చూడటం

ఇంతవరకూ తప్పు దొరక్కపోతే ఫార్ములా లోపల ఉంది. ఫార్ములా బార్‌లో ఒక భాగాన్ని మాత్రమే ఎంపిక చేసి ఎఫ్9 నొక్కండి, ఆ ముక్క జవాబు అక్కడే కనిపిస్తుంది. చూశాక ఎస్కేప్ నొక్కి బయటికి రండి. ఎంటర్ కొడితే ఆ జవాబు ఫార్ములాలో శాశ్వతంగా పాతుకుపోతుంది. ఫార్ములాస్ ట్యాబ్‌లోని ఎవాల్యుయేట్ ఫార్ములా ఇదే పనిని వరుసగా చేసి చూపుతుంది. పెద్ద ఫార్ములాను మూడు నాలుగు సహాయక కాలమ్‌లుగా విడగొట్టడానికి సంకోచించకండి, చదివేవారికీ అదే మేలు.

షీటులో ఇఫ్‌ఎర్రర్ (ఎర్రర్ వస్తే దాని బదులు మనం చెప్పింది చూపే ఫార్ములా) ఉంటే, వెతికేటప్పుడు తీసేయండి. దొరకని ఫ్లాటుకు 0 చూపించమని రాసిన ఇఫ్‌ఎర్రర్, బకాయి లేదని చెప్పినట్టే అవుతుంది. చివర్లో పెట్టుకున్నా 0 బదులు "జాబితాలో లేదు" అని రాయించండి.

అడుగు 10: కాపలా సెల్స్

షీటు పైభాగంలో రెండు సెల్స్ కేటాయించండి. ఒకదానిలో =కౌంట్‌ఏ(ఈ2:ఈ41)-కౌంట్(ఈ2:ఈ41). ఇది 0 కాకపోతే కట్టిన మొత్తాల్లో పదం చొరబడింది. రెండోదానిలో కట్టాల్సింది, కట్టినది, బకాయి మూడూ సరిపోతున్నాయో చూసే ఏబీఎస్ పరీక్ష. తప్పినప్పుడు ఎరుపు రంగు వచ్చేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి.

తర్వాత పాత నెలల షీట్లు తెరవండి. ఒక నెలలో దొరికిన తప్పు, ఆ షీటును కాపీ చేసి తయారుచేసిన ప్రతి నెలలోనూ ఉంటుంది. మార్పులు అనే పేరుతో ఒక షీటు చేర్చి, తేదీ, సెల్, పాత అంకె, కొత్త అంకె, కారణం రాయండి. ఏ ఫ్లాటు వారి బకాయి మారిందో వారికి సరిచేసిన షీటుతో పాటు ఆ వరుసను కూడా పంపండి.